బొమ్మలోంచి రాలిన దూది

పొద్దున్నే లేచి కోడలు చేసే మొదటి పని కాటా ఎక్కడం. పళ్ళు తోముకోకముందే, గుక్కెడు మంచినీళ్ళయినా తాగకముందే, కుట్టు మిషను పక్కనున్న ఆ గాజు పలక మీద నిలబడి, ఊపిరి బిగబట్టి కిందికి చూస్తుంది. ఊపిరి బిగబడితే బరువు తగ్గుతుందటే అని అత్త మంచం మీంచి అడుగుతుంది. కోడలు కాటా దిగి, నడుము చుట్టూ టేపు వేసి చూసుకుని, పెదవి విరిచి నడకకు వెళ్ళిపోతుంది.

ఆ ఇంటి ముందుగదే వాళ్ళ కుట్టు షాపు. రెండు మిషన్లు, బట్ట కత్తిరించే పెద్ద బల్ల, ఇస్త్రీ పెట్టె, కిటికీ పక్కన నిలువెత్తు దూది బొమ్మ. కుట్టిన గౌన్లూ కోట్లూ దానికి తొడిగి చూసుకుంటారు. అన్ని షాపుల్లో బొమ్మల్లాగే అదీ కుట్టే మనిషి ఒళ్ళు పట్టుకుంది. కోడలు ఒళ్ళు చేసినకొద్దీ తనూ ఒళ్ళు చేసింది. ఆమెకు విషజ్వరం వచ్చిన ఏడాది చిక్కి సగమైంది. ఇందులో వింతేముంది, పాత చెప్పు కాలి ఆకారానికి రాదూ? వచ్చేపోయేవాళ్ళు దాని భుజానికి సంచులు తగిలించి కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఈ బరువు గొడవ కోడలి తమ్ముడి వల్ల వచ్చింది. అతను లారీల మెకానిక్కు. కామెర్లొస్తే ఈ వారం చూపించుకుంటా, వచ్చే వారం చూపించుకుంటా అని నాన్చి నాన్చి లివరు పాడుచేసుకున్నాడు. ఇంకొకరి లివరులోంచి ముక్క తీసి పెడితే తప్ప బతకడని డాక్టరమ్మ తేల్చేసింది. చుట్టాలందరినీ పరీక్ష చేస్తే అక్కది సరిపోయింది. తీరా చూస్తే అక్క లివరు నిండా కొవ్వు. అలాంటిదాన్ని కోస్తే ఇద్దరికీ ముప్పే. డాక్టరమ్మ మూడు నెలలు గడువిచ్చి, నడవమంది, బరువులెత్తమంది, నూనె మానమంది. పోవాల్సింది కొవ్వు, కండ కాదు సుమా అని మరీ మరీ చెప్పింది. పక్కనున్న నర్సు మాత్రం ఒక అంకె చెప్పి, కాటా అక్కడికి దిగాలంది. మనిషికి అంకె గుర్తున్నట్టు మాట గుర్తుంటుందా? కోడలు ఆ అంకె పట్టుకుని ఇంటికొచ్చింది.

అత్త భయం అత్తది. ఆమె కొడుకు, అంటే ఈ కోడలి మొగుడు, కడుపునొప్పని ఆస్పత్రికి తన కాళ్ళ మీద తను నడిచివెళ్ళాడు. చిన్న ఆపరేషనేగా అని నవ్వుతూ బల్ల ఎక్కాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆ తరవాత పుట్టింటికి వచ్చెయ్యమని ఎంతమంది చెప్పినా కోడలు వెళ్ళలేదు. అలాగని తల్లీకూతుళ్ళలా ఉండేవారని చెబితే కళ్ళు పోతాయి, రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకునేవాళ్ళు. కానీ ఈ లోకంలో అత్తకు మిగిలింది ఆ ఒక్క మనిషే. ఆ ఒక్కదాన్నీ మళ్ళీ ఆ బల్ల మీదికి పంపాలా? తమ్ముడు మంచివాడని తెలుసు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

కోడలు నడక మొదలుపెట్టిన కొన్నాళ్ళకు, ఆమె ఇంట్లో లేనప్పుడు, బొమ్మ పొట్ట దగ్గర కుట్టు విడిపోయి గుప్పెడు దూది కింద పడింది. పచ్చగా, జిడ్డు జిడ్డుగా ఉంది. అత్త దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. వీధి గుమ్మం వైపు చూసింది. తరవాత దూదంతా మళ్ళీ పొట్టలోకి కూరి, సూదిలో దారం ఎక్కించి నాలుగు కుట్లు వేసేసింది.

ఆ రోజు మొదలు అదే వరస. కోడలు ఉసూరుమంటూ నడిచి రావడం, ఈలోపు రాలిన దూదిని అత్త లోపల కూరడం. ఇంత చేసినా ఈ పొట్ట ఎక్కడిదక్కడే ఉందేమిటత్తయ్యా అని కోడలు అడిగితే, ఒంటితత్వమమ్మా, ఏం చేస్తాం అనేసింది. అన్నాక ఆ పూట అత్తకు అన్నం సయించలేదు.

కాటా కదలకపోయేసరికి కోడలు తిండి మానేసింది. పొద్దున ఇంత పాలు, రాత్రి ఒక పండు, అంతే. అప్పుడు దిగింది కాటా! కోడలి మొహం వెలిగిపోయింది. కానీ బొమ్మలోంచి రాలుతున్న దూది ఇప్పుడు వేరే రకం. తొడల్లోంచీ భుజాల్లోంచీ తెల్లటి గట్టి దూది ఉండలుగా రాలిపడుతోంది. అత్త దాన్నీ వెనక్కి కూరబోయింది. అది నిలవలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. బొమ్మ పుల్లల్లాంటి కాళ్ళ మీద బానపొట్టతో నిలబడింది. పాపం, అత్త పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఒక మధ్యాహ్నం కోడలు కోటు చెయ్యి కుడుతూ కుడుతూ మిషను మీదికి వాలిపోయింది. మొహాన నీళ్ళు చల్లి పడుకోబెట్టారు. కబురు తెలిసి తమ్ముడు వచ్చాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, నాలుగు అడుగులకే రొప్పుతున్నాడు. అక్క పక్కన కూర్చుని, తినమని బతిమాలాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అత్త చేతులు పట్టుకున్నాడు.

"మీరే చెప్పండి అత్తయ్యగారూ. నా కోసం తను చావొద్దు. నా రాత ఎలా ఉంటే అలా అవుతుంది."

అత్త అతన్ని మెట్లు దిగేదాకా పట్టుకుని సాగనంపింది. ఆ ఆస్పత్రి బల్ల ఏం చేస్తుందో గానీ, కోడలిని చేతులారా తనే చంపుకుంటోంది. వీధి తలుపు వేసి, కత్తెర తీసుకుని, తను వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపింది. కూరిన దూదంతా రెండు చేతులతో లాగి అవతల పారేసింది. తరవాత గుడ్లు ఉడకేసి కోడలి ముందు పెట్టి, తింటావా, నోట్లో కుక్కమంటావా అంది.

అప్పట్నుంచి ఇంట్లో అత్త మాటే చెల్లింది. కోడలు తినేది, నడిచేది, ఇసక సంచులు ఎత్తి దించేది. గౌను నడుము దగ్గర వదులై భుజాల దగ్గర బిగుతైంది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కేస్తోంది. టేపు చూస్తే నడుము తగ్గింది. బొమ్మకు పొట్ట పోయి, కాళ్ళూ చేతులూ గట్టిపడ్డాయి. కాటా మాత్రం దిగకపోగా కొంచెం ఎక్కి కూర్చుంది. కోడలికి ఇవేవీ కనపడలేదు. ఆమె కళ్ళన్నీ నర్సు చెప్పిన అంకె మీదే.

గడువు రోజు వచ్చింది. ఆస్పత్రిలో నర్సు ఆమెను కాటా ఎక్కించి, తల అడ్డంగా ఊపింది. ఇంకా చాలా తగ్గాలి, ఇలాగైతే స్కాను కూడా దండగేనని మెత్తగానే చెప్పింది. కోడలు కాటా మీంచి దిగలేదు. అలాగే నిలబడి, శబ్దం లేకుండా ఏడుస్తోంది.

అత్త కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు ఆమె నోరు మూసుకుంటే చాలు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతే ఎవరూ తప్పు పట్టరు. అత్త బెంచీ మీంచి లేచింది. ఎక్కడికీ కదలొద్దని కోడలికి చెప్పి, బయటికెళ్ళి టాక్సీ ఎక్కింది.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీ వెనక సీట్లో ఆమె పక్కన బొమ్మ ఉంది. మెట్ల దగ్గర కాపలావాడు దాన్ని ఓ చెయ్యేసి పట్టాడు. అత్త దాన్ని తిన్నగా డాక్టరమ్మ గదిలోకి తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. మా కోడలిది, చూడండి అంది. డాక్టరమ్మ చేతులు తుడుచుకుని, ఏ రోగికైనా చేసినట్టే, కుడివైపు డొక్క కింద వేళ్ళు పెట్టి నొక్కి చూసింది. కాళ్ళు పట్టి చూసింది. చిటికెడు దూది తీసి వేళ్ళ మధ్య నలిపింది. తెల్లగా, పొడిగా ఉంది.

"స్కాను ఇప్పుడే తియ్యండి" అంది నర్సుతో.

స్కానులో లివరు శుభ్రంగా ఉంది. కాటా మీద మిగిలిన బరువు కండది.

ఆపరేషను ముందురోజు కోడలు సంచి సర్దుకుంటుంటే, అత్త ఎదురుగా నిలబడి చేసిందంతా చెప్పేసింది. తిడుతుందనుకుంది. కోడలు మడతపెడుతున్న తువ్వాలు పక్కన పెట్టింది.

"తెలుసత్తయ్యా. కళ్ళు తిరిగి పడిన రోజు బొమ్మ మీద సూది రంధ్రాలు చూశాను. అంత దగ్గర దగ్గరగా కుట్టేది మీరే. కానీ అప్పటికే కుట్లు విప్పేసి ఉన్నాయి."

"విప్పకపోయి ఉంటే?"

"ఆ మాట నన్నడక్కండి" అంది కోడలు. తువ్వాలు సంచిలో పెట్టి, రేపు మీరు ఆస్పత్రికి రావద్దు, బొమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి అంది.

మర్నాడు షాపు తియ్యలేదు. అత్త బొమ్మ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపటికి బొమ్మ కుడివైపు డొక్క కింద బట్ట మెల్లగా లోపలికి కుంగి, గిన్నెంత గుంట పడింది. కింద ఒక్క పోగు కూడా రాలలేదు. తీసిందేదో అటునించి అటే వెళ్ళిపోయింది. అలమరలో బస్తాడు కొత్త దూది ఉంది. అత్త చేతులు దాని కోసం లాగాయి. రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా బిగించుకుని కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక తమ్ముడి భార్య ఫోను చేసింది. ఆయన బాగానే ఉన్నారట, పెట్టిన ముక్క పనిచేస్తోందట. వదిన మాత్రం ఇంకా కళ్ళు తెరవలేదంది. అత్త సరేనని పెట్టేసింది. కళ్ళు తెరవలేదన్న మాట ఆమె ఇంతకుముందు, కొడుకప్పుడు ఒకసారి విన్నదే. బొమ్మ భుజం తాకితే చల్లగా తగిలింది. నువ్వు లేస్తే చాలే, నీతో ఇంకెప్పుడూ పోట్లాడనే తల్లీ అంది దానితో.

ఎండ కిటికీ దిగిపోయే వేళకు, ఉండబట్టలేక ఆ గుంటలో వేలు పెట్టి చూసింది. అడుగున ఏదో మెత్తగా తగిలింది. లోపలినుంచి కొత్త దూది వెచ్చగా పైకి పొంగుతోంది. అత్త బొమ్మను రెండు చేతులా వాటేసుకుని బావురుమంది. కొడుకు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. బల్ల మీద ఫోను మళ్ళీ మోగింది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, తొందరేమీ లేనట్టు లేచి వెళ్ళింది.