రెండు చేతుల కుట్టు

టైలరమ్మ సూదిని ఇంకొకరు ముట్టుకున్నారంటే ఆ పూట ఇల్లు ఇల్లులా ఉండదు. కుట్టు కాస్త వంకర పోయిందా, ఊడదీసి మళ్ళీ కుట్టాల్సిందే. అలాంటి మనిషి అక్క కూతురి పెళ్ళికి తెల్ల గౌను తనే కుట్టి, మొగుడితో కలిసి విమానమెక్కి తీసుకెళ్తోంది. పెళ్ళి రేపు పొద్దున్నే. ఆ పిల్ల కొట్లో గౌన్లన్నీ కాదని, "పిన్ని కుట్టిందే వేసుకుంటా" అని మొండికేసి కూర్చుంది మరి.

గౌను పెట్టుకునే పెట్టె కొన్నది మాత్రం మొగుడు. చవగ్గా వచ్చిందని మురిసిపోతూ తెచ్చాడు. తీరా బయల్దేరే ముందు జిప్పు కాస్తా ఊడి చేతికొచ్చింది. టైలరమ్మ ఆయన్ని ఒక్క చూపు చూసి, పెట్టెకి మందపాటి గుడ్డ తొడిగి చుట్టూ కుట్టేసింది.

"ఇక దొంగ కాదు కదా, వాడి తాత కూడా తెరవలేడు" అంది.

దొంగ రాలేదు, కస్టమ్స్ వచ్చింది. సామాను దాని దారిన అదే చివరిదాకా వెళ్ళిపోతుందని మొగుడు ధీమాగా చెప్పుకొచ్చాడు. విమానం మారే చోట దిగాక గానీ అసలు సంగతి తెలీలేదు. పెట్టె తీసుకుని, కస్టమ్స్ వాళ్ళకి చూపించి, మళ్ళీ అవతల బెల్టు మీద వేస్తేనే రెండో విమానం ఎక్కుతుందట. ఆ విమానానికేమో అట్టే టైము లేదు. అది తప్పితే మళ్ళీ రేపు సాయంత్రమే.

కస్టమ్స్ ఆవిడ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేంటమ్మా, జిప్పు లేదు, తాళం లేదు. స్కానింగులో లోపల పెద్ద కత్తెర కనిపిస్తోంది. తెరవండి."

"తెరవాలంటే ఆ కత్తెరే కావాలమ్మా" అంది టైలరమ్మ బిక్కమొహం వేసుకుని.

ఆవిడకి నవ్వాగలేదు. బ్లేడు తెచ్చింది. "పైన కొయ్యకు తల్లీ, కిందే గౌను. పక్కనుంచి, ఆ కుట్టు వెంబడే" అంటూ టైలరమ్మ వేలితో దారి చూపించింది. లోపల కత్తెర, కుట్టు డబ్బా, గౌను తప్ప ఏముంటాయి! ఆవిడ గౌను అంచుని వేలితో నిమిరి, బాగుందని మెచ్చుకుని, ఇక వెళ్ళమంది.

వెళ్ళడమెలా? పెట్టె నోరు తెరుచుకుని కూర్చుంది. అలా తెరిచున్నదాన్ని తీసుకోనని బెల్టు దగ్గరతను ఖరాఖండిగా చెప్పేశాడు. టైలరమ్మ సూదీ దారం తీసి అక్కడే నేలమీద కూలబడి కుట్టడం మొదలెట్టింది. ఒక్క చేతిమీద అయ్యే పని కాదని ఆవిడకీ తెలుసు. పెళ్ళికి అందుకోలేమేమోనని భయంతో కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

మొగుడు పక్కనే చతికిలబడ్డాడు. "ఇంకో సూది ఉందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేతికి సూది ఇవ్వడం అదే మొదలు. నల్ల దారం ఎక్కించి మరీ ఇచ్చింది. ఆవిడ ఇటునుంచి, ఆయన అటునుంచి కుట్టుకొస్తుంటే, కస్టమ్స్ ఆవిడ మధ్యలో గుడ్డ లాగి పట్టుకుంది. ఆయన కుట్టు ఎటు పోతోందో ఆయనకే తెలీదు. టైలరమ్మ చూసింది, అయినా తన కుట్టు తను కుట్టుకుపోయింది. కత్తెర లోపలే ఉండిపోవడంతో చివరి దారం ఆయనే పళ్ళతో కొరికాడు. పెట్టెని బెల్టు మీదకి తోసి, ఇద్దరూ పరుగో పరుగు. విమానంలో సీటు దొరికాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

అక్క ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. టైలరమ్మ తను కుట్టిన వైపు కోసి గౌను పైకి తీయబోయింది. రాదే! గౌనుతో పాటు పెట్టె గుడ్డ కూడా లేచొచ్చింది. మహానుభావుడు గౌను అంచునీ గుడ్డనీ కలిపి కుట్టేశాడు.

ఆయన మెల్లగా తలుపువైపు జరిగాడు. టైలరమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కుట్టే విప్పుతూ అంచుని విడదీసింది. చివరికి తెల్లటి అంచులో ఒకే ఒక్క నల్ల కుట్టు మిగిలింది, అదీ వంకరగా.

"అదొక్కటీ తీసెయ్యి పిన్నీ" అంది పెళ్ళికూతురు.

టైలరమ్మ దాన్ని తీయలేదు. ఆ దారానికి చిన్న ముడి వేసి, కత్తెరని పక్కన పెట్టేసింది.

"ఉండనీవే. అది లేకపోతే గౌనే వచ్చేది కాదు."

మర్నాడు పెళ్ళిలో మొగుడు కనిపించిన వాళ్ళనల్లా ఆపి, అంచులో ఆ నల్ల కుట్టు నాదేనని చెప్పాడు. టైలరమ్మ పక్కనే నిలబడి, వినిపించనట్టు నవ్వుకుంటూ ఉండిపోయింది.