తిరగబడిన స్లైడ్లు

ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయని లోకమంతా బెంగపడుతున్న 1999 అది. విశ్వేశ్వరరావు కళ్లబడకుండా తప్పనేది పోదని మా హైటెక్ సిటీ ఆఫీసులో నాకు పేరు. గురివింద గింజ సామెత మాత్రం నాకెవరూ గుర్తుచేయలేదు.

నా సరదా వేరు. ఓరుగల్లు వైపు ఒక పాత గుడి గోడల మీద కాకతీయుల నాటి నర్తకీమణులున్నారు. ఆ శిల్పాలను స్లైడ్లుగా ఫొటోలు తీశాను. ఆదివారాలు కొండాపూర్‌లో మా ఇంటి హాల్లో కర్టెన్లు వేసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద ఆ బొమ్మలు చూపిస్తే, మా ఆఫీసు అమ్మాయిలు ఆరుగురు ఆ భంగిమలు చూసి నాట్యం నేర్చుకునేవారు. ఆ శిల్పాల్లో ఉన్నట్టే దుస్తులు కుట్టింది మా ఆవిడ ప్రశాంతి. నూలు చీర కుచ్చులు, ఇత్తడి వడ్డాణం, పక్కకు వాల్చిన కొప్పు.

ఆరుగురిలో ముందువరస కృష్ణప్రియది. హఫీజ్‌పేట పిల్ల, పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఎడం చేత్తో ముద్ద ఎత్తితే వాళ్లమ్మ సీతాబాయి గరిటె తిరగేసి కొట్టేదట. మిగతావాళ్లు నెల తంటాలు పడ్డ భంగిమ ఈ పిల్లకు పూటలో వచ్చేది. ఆఫీసు వార్షికోత్సవంలో నాట్యం పెట్టుకున్నాం. "మా అమ్మ వస్తది సర్. నేను ముంగట నిలవడంగ జూడాలె" అని ఎన్నిసార్లు చెప్పిందో!

నాలుగు రోజులుందనగా, అతిథులకు గుడి కూడా చూపిద్దామని గుడి ముందున్న బోర్డు స్లైడు పెట్టాను. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. మొదటి నుంచీ స్లైడ్లన్నీ తిరగేసి పెట్టాను! కుడి ఎడమైంది. చివరికి కొప్పులు కూడా తప్పు పక్కకే వేశాం.

"అందరి తప్పులూ పట్టే మహానుభావులండీ మీరు" అంది ప్రశాంతి.

సిగ్గుతో చచ్చిపోతూ ఆరుగురికీ చెప్పాను. "చూసేవాళ్లకేం తెలుస్తుంది, ఇలాగే కానిచ్చేద్దాం" అని కూడా అన్నాను.

"ఏడెనిమిది వందల ఏండ్ల సంది గా గుడి గోడ మీద ఆమె గట్లనే నిలవడ్డది సర్. మనం తిప్పుడేంది?" అంది కృష్ణప్రియ.

"నాలుగు రోజుల్లో ఎలా మార్చుకుంటారమ్మా?"

"ఫికర్ జెయ్యకుండ్రి. నేను వీళ్లకెదురు నిలవడి నాకొచ్చినట్టే ఆడుత. అద్దంల జూసినట్టు జూస్కుంట ఆడుమనుండ్రి. నా ఎడమకు వాళ్ల కుడి లేస్తది."

"రిహార్సల్ సంగతి సరే. స్టేజీ మీద?"

"గక్కడ గూడ గంతే."

"అప్పుడు జనానికి నీ వీపే కనిపిస్తుంది. మీ అమ్మ వస్తోంది కదా."

కృష్ణప్రియ వేళ్లతో కళ్లు ఒత్తుకుని, "రానీ సర్" అంది.

వార్షికోత్సవం రోజు ఆమె జనానికి వీపు పెట్టి నిలబడింది. మద్దెల మోగింది. ఆమె ఎడమ చేయి లేచింది, ఎదురుగా ఐదు కుడి చేతులు లేచాయి. ఆమె ఎటు ఒరిగితే వాళ్లూ అటే ఒరిగారు. ఐదుగురి కళ్లూ ఆమె మీదే, ఒక్క అడుగు తడబడలేదు. అంత అందమైన పనిని నేనింతవరకు చూడలేదు. ఇరవై ఆరేళ్ల ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టాను.

అయ్యాక సీతాబాయి వెతుక్కుంటూ స్టేజీ వెనక్కి వచ్చింది. నేను క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ వినిపించుకోలేదు. కూతురి ఎడం చేయి పట్టుకుని, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది.

"నీ మొకం గనవడలేదు బిడ్డా. గని ఐదుగురు గీ చెయ్యినే జూస్కుంట ఆడిండ్రు. ఊకె కొడితినే నేను దీన్ని" అని ఏడ్చేసింది.