నడిమి తేదీ

"గిన్నెలు తుడిచే గుడ్డతో కుంచె తుడుస్తావా? నలభై ఏళ్ల నుంచి చెబుతున్నా, నీ బుర్రకెక్కదేం?"

అగ్నేత ఆ గుడ్డను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తి పట్టుకుంది. తెల్లటి గుడ్డ మీద మూడు నల్ల చారలు. కొర్నేలియస్ వీబె టీ తాగడం ఆపి వాటిని చూశాడు. చారలు తిన్నగానే ఉన్నాయి. చెయ్యి ఇంకా వణకడం లేదు.

"పాతదనుకున్నాను."

"పాతదైతే నీదైపోతుందా?"

"ఉతికిస్తాలే."

"కిరసనాయిలు కంపు ఉతికితే పోతుందా? కడిగితే పోయేదేదో, పోనిదేదో నీకెప్పుడు తెలిసింది గనక." ఆమె గుడ్డను పొయ్యి పక్క బుట్టలో పడేసింది. "రేపు ఆదివారం. రేపైనా లేస్తావా, బెంచీకి మేకులు కొట్టినట్టు కూర్చునే ఉంటావా?"

గుడ్డ దగ్గర మొదలైనా, ఉప్పు దగ్గర మొదలైనా ఆ ఇంట్లో తగవు చివరికి చేరేది అక్కడికే. కొర్నేలియస్ మిగిలిన టీ తాగేశాడు. వసంతం నుంచి అతని పెదవులు నీలంగా ఉంటున్నాయి. మెట్టు దిగితే ఛాతీలో ఎవరో ఈల వేస్తున్నట్టుంటుంది. అరవై ఏడేళ్ల మనిషి. పొడుగు, వంగిన భుజాలు, గోళ్ల కింద ఎప్పటికీ వదలని నల్ల రంగు. టోపీ పెట్టుకుని, పెరడు దాటి వడ్రంగి కొట్టుకు వెళ్లాడు.

వాళ్ల సంఘంలో ప్రతి విశ్వాసికీ ఒక రోజు ఉంటుంది. ఆ రోజు మనిషి బెంచీ మీంచి లేచి, అందరూ చూస్తుండగా ముందుకు నడిచి, మోకాళ్లూని, తన పాపాలు పైకి చెప్పుకుని ఏడుస్తాడు. అది మారుమనస్సు పొందిన రోజు. ఆ తేదీని బైబిలు మొదటి పేజీలో రాసుకుంటారు. పోయాక సమాధి చెక్క మీద కూడా రాస్తారు: పైన పుట్టిన తేదీ, అడుగున పోయిన తేదీ, ఆ రెంటి నడుమ ఇది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ చెక్కలు చిత్రిక పట్టేదీ, వాటి మీద అక్షరాలు రాసేదీ కొర్నేలియస్సే. ఊళ్లో ఎవరి నడిమి తేదీ అడిగినా చెప్పగలడు. అగ్నేతది పందొమ్మిది వందల యాభై ఏడు మార్చి పద్నాలుగు. కొడుకు గెర్హార్డ్‌కు పదహారో ఏట వచ్చింది. ఇప్పుడు వాడు ఆదివారాలు ప్రసంగం చేస్తాడు. కొర్నేలియస్‌కు మాత్రం లేదు. నడిమి తేదీ లేనివాళ్లను నీటికాలువకు అవతల, ముళ్లకంచె పక్కన పూడ్చిపెడతారు. అక్కడ పాట ఉండదు.

నమ్మకం లేక కాదు. నమ్మని రోజు ఒక్కటైనా అతనికి గుర్తు లేదు, చిక్కంతా అదే. ఆకలి నీకు ఏ తేదీన మొదలైందని అడిగితే ఎవరేం చెబుతారు? కుర్రతనంలో, సర్కారు నిషేధించిన సంఘం పుస్తకాలు శవపెట్టె అడుగున దాచినందుకు రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. అప్పుడు అతన్ని తేదీ ఎవరూ అడగలేదు.

ఆ ఉదయం బల్ల మీద ఉన్నది యోహాన్ రైమర్ చెక్క. కొర్నేలియస్ ఎడమచేత్తో చిత్రిక తోస్తున్నాడు. పోప్లార్ కర్ర పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా కాళ్ల దగ్గర రాలుతోంది. సంఘ పెద్ద అబ్రామ్ పెన్నర్ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చి, కూర్చోవడానికి పీట కోసం చూసి, దాని మీద దుమ్ము ఉందని నిలబడే ఉన్నాడు.

"సోమవారానికి అందుతుందా, సహోదరా?"

"అందుతుంది. ఎక్కడ పెడుతున్నారు?"

"టీనా పక్కన. కుడివైపు."

చిత్రిక ఆగింది. టీనా అతని కూతురు. అరవై ఎనిమిది చలికాలంలో, తొమ్మిదో ఏట, గొంతు పూడుకుపోయి చనిపోయింది. ఆ వయసు పిల్లలకు నడిమి తేదీ అక్కర్లేదని పెద్దలు ఏనాడో తీర్మానించారు. మరో మూడేళ్లు బతికి ఉంటే అక్కరపడేది. ఏటా మంచు కరగగానే కొర్నేలియస్ వెళ్లి ఆమె చెక్కకు రంగు వేసి, పక్కనున్న ఖాళీ నేలలో కలుపు తీసి వస్తాడు. ఆ ఖాళీ ఎవరి కోసమో ఎవరితోనూ అనలేదు.

"అది సంఘం నేల," అన్నాడు పెన్నర్, ఎదుటివాడి మనసు చదివినట్టు. "నీదీ కాదు, నాదీ కాదు. ఎడమవైపు ఇంకొక్క చోటుంది. రేపు నువ్వు లేచావనుకో, అది నీదే. మాటిస్తున్నాను. లేవకపోతే మాత్రం ఎవరికో ఇవ్వక తప్పదు. నీ ఆరోగ్యం చూస్తే ఎన్ని ఆదివారాలు ఉన్నాయో నాకు తెలీదు."

"రైమర్ వాళ్లావిడ చెయ్యి రెండుసార్లు విరగ్గొట్టాడు. రెండుసార్లూ దానికి బద్దలు చెక్కి కట్టింది నేనే."

"సిలువ మీది దొంగ మనకంటే ముందు పరదైసులోకి వెళ్లాడు. మర్చిపోయావా? మంగళవారం ఆస్పత్రిలో రైమర్ ఏడ్చాడు. నా కళ్లారా చూశాను. కళ్లూ ముక్కూ ఏకమయ్యేలా ఏడ్చాడు. గురువారం పోయాడు."

"నాకు ఏడుపు రాదు."

"అదే నీ జబ్బు. నీ మంచితనమే నీకు అడ్డం. మురికివాడికి ఒంటి కంపు తెలుస్తుంది, స్నానానికి పరిగెడతాడు. నీకదేం తెలీదు. శుభ్రంగా ఉన్నాననుకుని నరకానికి పోతావు."

కొర్నేలియస్ చెక్క అంచు మీద బొటనవేలు నడిపి చూశాడు. "లేచి ఏమని చెప్పను? ఇవాళ్టి నుంచి నమ్ముతున్నానంటే నిన్నటి వరకూ నమ్మలేదని కదా. మోకాళ్ల మీద అబద్ధమాడమంటావా?"

పెన్నర్ చెక్క వైపు చూసి, "ఆ అంచు ఇంకాస్త నున్నగా చెయ్యి. రైమర్ చెల్లెలు పట్నం నుంచి వస్తోంది," అని వెళ్లిపోయాడు.

కొర్నేలియస్ అంచు నున్నగా చేశాడు. తెల్ల రంగు వేసి, అది ఆరాక నల్ల రంగుతో తేదీలు రాశాడు. పుట్టుకకూ నడిమి తేదీకీ మధ్య మూడు వేళ్ల ఎడం. నడిమి తేదీకీ చావుకూ మధ్య అవే మూడు వేళ్లు. అక్టోబరు ఆరు, అక్టోబరు ఎనిమిది. ఎడం చూసి రెండు రోజులో, నలభై ఏళ్లో ఎవరూ చెప్పలేరు.

కుంచె పక్కన పెట్టి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల పట్టుకుని, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది పొట్టులో ఆనించాడు. రేపటికి ఒకసారి అలవాటు చేసుకుని చూద్దామని.

"ప్రభువా, నేను పాపిని," అన్నాడు. ఆ మాట బాగానే వచ్చింది. తర్వాత పాపం చెప్పాలి. వెతికాడు. పన్నెండేళ్లప్పుడు ఉమ్మడి పొలంలో పుచ్చకాయ కోసుకు తిన్నాడు. టీనా పోయిన ఏడాది ఎవరితోనూ మాట్లాడలేదు. రైమర్ పోయాడని విన్నప్పుడు ప్రాణం కాస్త తేలికపడింది. ఇవి లేచి చెబితే వెనక బెంచీలోని ఆడవాళ్లు నవ్వుకుంటారు. కళ్లు మూసుకున్నాడు. జ్వరంలో ఎర్రగా కాలిపోతున్న టీనా చెవులు గుర్తొచ్చాయి. ఆ చెవులు తన పోలికేనని అందరూ అనేవాళ్లు. "తొమ్మిదేళ్లు ఇచ్చావు. స్తోత్రం," అన్నాడు. అది కాదు అనవలసింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ స్తోత్రమే వచ్చింది.

"ఏం పోగొట్టుకున్నావోయ్?"

పక్కింటి ఎర్గెష్ తలుపు తోసుకుని నిలబడి ఉన్నాడు, చేతిలో విరిగిన గొడ్డలి కర్ర. కొర్నేలియస్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"మేకు," అన్నాడు.

ఎర్గెష్ కర్ర గోడకు ఆనించి, కిర్గిజ్ ఉన్నిటోపీ వెనక్కి నెట్టుకుని, తనూ పొట్టులో చతికిలబడి వెతకసాగాడు. "మీ దేవుడు తేదీ అడుగుతాడటగా? మా ఆవిడ చెప్పింది. మావాడు మంచీ చెడూ తూకం వేస్తాడు. తూకమైతే నీకు భయమేముంది, మా వైపు వచ్చెయ్."

"ఈ వయసులో సున్తీ ఎవడు చేయించుకుంటాడు?"

"చిత్రిక నీదే, నువ్వే పట్టుకో." ఎర్గెష్ తన జోకుకు తనే నవ్వాడు. ఇంతలో అతని వేళ్లకు ఏదో తగిలింది. "ఇదిగో. ఇదేనా?"

రెండంగుళాల మేకు. ఎప్పుడు పడిందో ఏమో.

"అదే," అన్నాడు కొర్నేలియస్.

గొడ్డలికి కొత్త కర్ర బిగించి ఇచ్చి, పొద్దు వాలేవేళకు ఇంటికి వచ్చాడు. అగ్నేత ఆదివారం సూపు కోసం పిండి పల్చగా వత్తి, చుట్టి, సన్నగా కోస్తోంది. ఆమె కోస్తే ప్రతి పోగూ ఒకే వెడల్పు. అతను గుమ్మంలో నిలబడి కాసేపు ఆ చేతులనే చూశాడు.

"అగ్నేతా. నన్ను క్షమించు."

"దేనికి?"

"అన్నిటికీ."

ఆమె కత్తి ఆపలేదు. "నన్నడిగితే ఏమొస్తుంది? అడగాల్సిన చోట అడుగు. కాళ్లు తుడుచుకో."

అతను కాళ్లు తుడుచుకున్నాడు. పొయ్యి పక్క బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మిగిలిన పిండి కూడా కోసి, ఆరబెట్టి, అన్నానికి రమ్మని పిలిచింది. పలకలేదు. అలిగాడనుకుని మరో పావుగంట తిట్టింది. గుడ్డ గురించీ, రేపటి గురించీ, పక్కవాళ్ల మొగుళ్ల గురించీ. తర్వాత వచ్చి, పిండి అంటిన చెయ్యి అతని ముక్కు ముందు పెట్టి చూసింది. చేతి మీది పిండి కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఆరాధన అయ్యాక, గెర్హార్డ్, అతని భార్య మాల్వినా, పెన్నర్ ఆ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ముందుగదిలో కొర్నేలియస్ తను చేసిన శవపెట్టెలోనే ఉన్నాడు. ఎవరి కొలతకో చేసింది కాస్త పొట్టిదైంది. మోకాళ్లు కొద్దిగా మడవాల్సి వచ్చింది. ఎర్గెష్ టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అగ్నేత అందరికీ సూపు పోసింది.

"అమ్మా," అన్నాడు గెర్హార్డ్. అతని కళ్లు వాచి ఉన్నాయి. "చివర్లో ఏమైనా అన్నాడా? ఒక్క మాటైనా?"

పెన్నర్ చెంచా దించాడు. "ఒక్క మాట చాలమ్మా. దొంగ అన్నదీ ఒక్క మాటే. నేను తేదీ రాయిస్తాను."

"నేను చూశాను," అన్నాడు ఎర్గెష్. "నిన్న కొట్లో, మోకాళ్ల మీద ఉన్నాడు."

గెర్హార్డ్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమంటున్నాడు, బాబాయ్?"

ఎర్గెష్ అబద్ధమాడే మనిషి కాదు. టోపీని ఒకసారి చేతుల్లో తిప్పాడు. "మేకు పడిపోయిందన్నాడు. నేనూ వెతికాను. దొరికింది."

గెర్హార్డ్ కూర్చున్నాడు. మాల్వినా రొట్టె ముక్కలు చెయ్యడం ఆపి అత్తగారి వైపు చూసింది. అందరూ అటే చూశారు.

"క్షమించు అన్నాడు," అంది అగ్నేత.

పెన్నర్ ముఖం విప్పారింది. "చూశారా, నే చెప్పలా—"

"నాతో అన్నాడు. ప్రభువుతో అనలేదు. నేను విన్నది అంతే. విననిది విన్నానని చెప్పి, రేపు నేను పోయాక ప్రభువు ముందు ఏ ముఖంతో నిలబడను?" ఆమె రొట్టె పళ్లెం పెన్నర్ వైపు జరిపింది. "కాలువ అవతల పెట్టండి. పాట వద్దు. టీనా పక్కన ఎడంవైపు చోటు నాకు ఉంచండి."

"వేరు వేరుగానా, అమ్మా?"

"ఆ లోకంలో ఎలాగూ వేరే కదరా. ఇక్కణ్నుంచే అలవాటు పడాలి."

అగ్నేత బల్ల మీద చూపు తిప్పి, మనుషులకంటే ఒక గిన్నె ఎక్కువ ఉందని పట్టుకుంది. మాల్వినా అలవాటు చొప్పున పెట్టేసింది. తను కూడా చూసుకోకుండా అందులో సూపు పోసేసింది.

"అది కుండలో తిరగపోసెయ్," అంది కోడలితో. "చల్లారిపోతుంది."

మాల్వినా గిన్నె తీసుకెళ్లింది. బల్ల అంచున కొయ్య చెంచా మిగిలింది. ఎడమచేతి వాడకంతో దాని అంచు ఒకవైపే అరిగి, ఆ ఇంట్లో ఇక ఎవరి నోటికీ కుదరనంత వంకరగా ఉంది.