నా రక్తంలో లేని జబ్బు

మా అన్న ఆర్నుల్ఫో నేను బతికుండగానే నన్ను మతిలేనివాళ్లలో కలిపేశాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

అంగొస్తూరా కొండల్లో మా వంశానికి ఒక జబ్బుంది. నలభై అయిదు దాటిందంటే మతి జారిపోతుంది. నాన్న అలాగే పోయాడు. చివర్లో మమ్మల్ని చూసి "మీరెవరి పిల్లలు?" అని మర్యాదగా అడిగేవాడు. అందుకే మా ఇళ్లల్లో నలభై దాటినవాడు చెప్పిన ముచ్చటే మళ్లీ చెప్పకూడదు. చెబితే బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోతాయి.

నాకు నలభై ఆరు. ఒక ఆదివారం భోజనాల దగ్గర, పాదిరీ గారిని పడేసిన కంచరగాడిద కథ చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

"ఒరేయ్ గిల్దార్దో, పావుగంట కిందటే చెప్పావురా," అన్నాడు అన్న, కోడికాలు చీకుతూ.

"బాగుందని మళ్లీ చెప్పాను."

"నాన్న కూడా ఇదే అనేవాడు."

"తిండి తిననీ అన్నా! నీకు డాక్టర్ పట్టా ఎవరిచ్చారు?" అని మా చెల్లెలు నూబియా కసిరింది.

అన్న ఆగలేదు. ఆ వారమే నన్ను నోటరీ దగ్గరికి లాక్కెళ్లాడు. "బుర్ర పనిచేస్తున్నప్పుడే తోట నా పేర రాసి సంతకం పెట్టెయ్. తర్వాత పెట్టినా చెల్లదు. నిన్ను చూసుకునేది నేనేగా," అన్నాడు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ని. పైగా భయం. పెట్టేశాను.

అది తెలిసి నూబియా నన్ను తిట్టుకుంటూ మెదెయీన్ పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇదివరకు ఈ జబ్బు పరీక్షకి వెన్నులో సూది గుచ్చి నీరు తీసేవారట. ఇప్పుడు చేతిలోంచి రెండు గొట్టాల రక్తం తీశారు, అంతే. మూడు వారాలు ఆగమన్నారు. ఆ మూడు వారాలూ పొద్దున్న లేవగానే మా అమ్మ తోబుట్టువులు పదకొండు మంది పేర్లూ చెప్పుకునేవాణ్ని. తొమ్మిది దగ్గర ఆగిన రోజున అన్నం సహించేది కాదు.

డాక్టరమ్మ యమీలే కాగితం తిప్పింది.

"ఆ జబ్బు ఆనవాళ్లు లేవండి. మీ నాన్నగారి జన్యువు మీకు రాలేదు. మీ నుంచి మీ అమ్మాయికీ రాదు."

"మరి మరుపు?"

"థైరాయిడ్ బాగా తగ్గింది. రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోండి, నెమ్మదిగా సర్దుకుంటుంది."

నూబియా నా వీపు మీద ఒక్కటి చరిచింది. "ఎద్దులా ఉన్నావు! నీకు గుండీలు పెట్టాల్సొస్తుందని ఎంత ఏడ్చానో!" అంటూ మళ్లీ ఏడ్చింది. కూతురికి ఫోన్ చేసి "నీకా జబ్బు రాదమ్మా" అని రెండుసార్లు చెప్పాను. గుండెల మీద నుంచి బండరాయి దొర్లినట్టయింది.

తర్వాత అన్నకి చేశాను. "నాకా జబ్బు లేదట. కాగితం తిరగరాద్దాం."

"సంతోషంరా తమ్ముడూ. అయితే సంతకం పెట్టిన రోజు నీ బుర్ర బాగానే ఉందన్నమాట. ఇక తిరగరాసేదేముంది?"

ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మతి నాదే, కూతురు క్షేమం. పోయింది రెండున్నర హెక్టార్ల కాఫీ తోట.