పాలబండి గుర్రం

కూడలిలో నలభై ఆరేళ్లుగా నిలబడ్డ కంచు గుర్రాన్ని ఒక లారీ గుద్దేసింది. వెనక ఎడమ కాలు నుజ్జునుజ్జయింది, పొట్ట కింద చెయ్యి దూరేంతగా జానెడు మేర పగిలింది. క్రేనుతో దాన్ని కంచు పోతపోసే షెడ్డులోకి దించుతుంటే, ఇద్దరు అక్కచెల్లెళ్లలో చెల్లెలు దగ్గరుండి చూసుకుంది. ఆ గుర్రం పుట్టింది ఈ షెడ్డులోనే, నాన్న చేతుల్లో. నాన్న పోయాక షెడ్డు నడుపుతున్నది ఆమే.

"కుడి కాలు చూసి ఎడమ కాలు పోసేయడమే కదమ్మా!" అన్నాడు మునిసిపాలిటీ ఇంజనీరు.

ఆమె కూడా అలాగే అనుకుంది. బంకమట్టితో కాలు చేసి అమర్చి చూస్తే మంచం కోడు తగిలించినట్టుంది. మళ్లీ చేసింది, మళ్లీ కోడే. పాత ఫోటోలు వెతికితే, ప్రతి దాంట్లోనూ ఆ కాలు పట్టుకుని పిల్లలు వేలాడుతున్నారు. రోజూ ఆ దారినే వెళ్లింది గానీ ఏనాడూ పరీక్షగా చూసిన పాపాన పోలేదు. మూడోసారీ కుదరక, చేతిలో మిగిలిన మట్టి తొట్లో విసిరేసి అక్కకు ఫోన్ చేసింది.

"చూపు పోయిన దాన్ని, నేనొచ్చి ఏం వెలగబెడతానే?" అంటూనే అక్క మర్నాడు కూతురి చెయ్యి పట్టుకుని బస్సు దిగింది. అక్కను దించి కూతురు వెనక్కి వెళ్లింది.

అక్క ముందు గుర్రం మెడ నిమిరింది. ఈ బొమ్మ చేసిన ఏడాది, చూసి చేయడానికని పాలబండిని లాగే ముసలి ఆడగుర్రాన్ని మధ్యాహ్నాలు ఇక్కడే కట్టేసేవారు. పందొమ్మిదేళ్ల అక్క కళ్లెం పట్టుకునేది. నాన్న కొలతలు చెబుతుంటే పదమూడేళ్ల చెల్లెలు రాసుకునేది. ముందుకాళ్లు పైకెత్తిన యుద్ధాశ్వం కావాలని ఊరి పెద్దలు పట్టుబట్టారు. నాన్న మాత్రం, "ఊరికి పాలు మోసిన గుర్రం ఒక్కటైనా ఉండొద్దా?" అని తల వంచుకున్న దీన్నే చేశాడు.

అక్క చేతులు మట్టి కాలు మీదికి దిగాయి. ఫక్కున నవ్వింది.

"ఓసి పిచ్చిమొహమా! నాలుగు కాళ్ల మీదా నిలబెట్టేశావే! ఎడమ గిట్ట నొప్పని అది ఆ కాలి మీద బరువేసేది కాదు. గిట్ట కొస ఆనించి ఊరుకునేది."

"నాకెందుకు గుర్తులేదే?"

"నువ్వు కాగితంలోంచి తలెత్తితేగా!"

నాలుగు రోజులు అక్క తడిమి చెప్పింది, చెల్లెలు దిద్దింది. కాలు కుదిరింది, దాన్ని కంచులో పోసి గుర్రానికి అతికించారు.

పొట్ట పగులు అతకబోతూ చెల్లెలు లోపలికి టార్చి వేసింది. అప్పట్లో అచ్చులోకి మైనం నొక్కిన వేళ్ల గుర్తులు, ఆ మైనం కరిగిన చోట పోసిన కంచులో అలాగే దిగిపోయి ఉన్నాయి. గబగబా అక్క చెయ్యి లోపల పెట్టించింది.

"ఈ వెడల్పుది నాన్న బొటనవేలు. పక్కన సన్నవి నావి," అంది అక్క.

"కాదు, నావి!"

"నిన్ను మైనం ముట్టుకోనిచ్చాడా ఎప్పుడైనా?"

"నువ్వు అన్నానికి వెళ్లినప్పుడు ముట్టుకోనిచ్చేవాడు."

ఇన్నేళ్ల తర్వాత బయటపడ్డ ఆ రహస్యానికి ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క చెయ్యి మాత్రం చాలాసేపు బయటికి తీయలేదు.

గుర్రాన్ని తీసుకెళ్లే రోజు ఇంజనీరు చుట్టూ తిరిగి చూశాడు. "గిట్ట సరిగా ఆనలేదేంటమ్మా? పోతలో తప్పొచ్చిందా?"

"తప్పు కాదు బాబూ, దానికి కాలు నొప్పి," అంది అక్క.

ఆ సాయంత్రం అక్కను తీసుకెళ్లడానికి కూతురు వచ్చింది. అక్క సంచి సర్దుకోలేదు సరికదా, మోచేతుల దాకా మట్టితో కూర్చుని ఉంది.

"ఇదేంటమ్మా?"

"పాలబండి గుర్రానికి ఓ పిల్ల ఉండేదిలే. దాన్ని చేయడం నేనూ మీ పిన్నీ మొదలుపెట్టాం. నెల పడుతుంది, రెండైనా పట్టొచ్చు."

కూతురు ఒక్కతే బస్సెక్కింది.