తళతళలాడే టైర్లు

మా ఆయన హాలిస్‌కి నా మీద కన్నా ట్రైలర్ టైర్ల మీద ప్రేమ ఎక్కువ. ప్రతి ఆదివారం ఎండ ఎక్కకముందే గుడ్డకి నూనె పట్టించి నాలుగు టైర్లూ తుడిచేవాడు. తొమ్మిదేళ్ళుగా, బండికి తగిలించి లాక్కుపోయే ఆ చక్రాల ట్రైలరే మా ఇల్లు. అరిజోనా ఎడారిలో ఒకే చోట, కదలకుండా ఉంది. కదలని బండికి ఈ సింగారమేమిటని నేను వేళాకోళం చేసేదాన్ని. టైర్లు నల్లగా మెరుస్తుంటే ఆయనకి కడుపు నిండిపోయేది.

ఈ వేసవిలో, మాలాంటి వాళ్ళు ట్రైలర్లు అద్దెకి నిలుపుకునే ఆ పార్కు అమ్ముడైపోయింది. నెలాఖరుకి గేటుకి గొలుసు వేస్తారు, లోపల ఏది మిగిలినా బుల్డోజరు పాలే. న్యూమెక్సికోలో ఉన్న మా చెల్లెలు డార్లా పెరట్లో చోటిస్తానంది. "ఇంట్లో మాత్రం కుదరదక్కా. అత్తగారు, పిల్లలు, కాలు పెట్టే సందు లేదు. మీ ఇల్లు మీరు తెచ్చుకోండి" అని ముందే చెప్పేసింది. మాకు ఇంకో దారి లేదు.

ఆఖరి రోజుకి ముందు రోజు పక్క ట్రైలర్ డ్వేన్ వచ్చి టైరు పక్కభాగం బొటనవేలితో నొక్కాడు. ఆ మెరుపు కింద సన్నని పగుళ్ళు నోళ్ళు తెరిచాయి.

"ఇవి చచ్చిపోయాయయ్యా హాలిస్. సగం ఎండ చంపింది, సగం నీ నూనె చంపింది. రబ్బరుని తినేస్తుందది."

"గ్రిప్పు చూసి మాట్లాడు. పిసరంతైనా అరగలేదు!"

"నడిస్తేగా అరగడానికి! ట్రైలర్ టైరుకి చూడాల్సింది వయసు."

"పోవోయ్! నీ టైర్లు చూసుకో ముందు, బురదలో పొర్లిన పందుల్లా ఉన్నాయి."

నేను ఊరుకోలేక పికప్ ట్రక్కు తీసి ఊళ్ళోకి పరిగెత్తాను. మా సైజులో ఉన్నవి కారు టైర్లే. ఇంత బరువు కింద వాటి పక్కలు వంగిపోతాయని దుకాణం వాడు అమ్మనన్నాడు. ట్రైలర్ టైర్లు వచ్చే వారం వస్తాయట. ఒళ్ళు మండిపోయింది.

"వారం ఆగమని పార్కువాళ్ళనే అడుగుదాం" అన్నాను ఇంటికొచ్చి.

"అడిగాను వెర్నా. కుదరదన్నారు." ఆయన గొంతులో పొగరు లేదు. అది విన్నాకే నాకు భయం పట్టుకుంది. "గాలి నిండా కొట్టాను. మెల్లగా పోదాం."

మర్నాడు మెల్లగానే పోయాం. మధ్యాహ్నానికి తారు పొగలు కక్కుతోంది. కుడివైపు ఒక టైరు పేలింది. బరువంతా రెండోదాని మీద పడి, ఆయన బండి ఆపేలోపే అదీ పేలింది. ఊడిన రబ్బరు పట్టీ నేలచెక్కలని చీల్చేసింది. ట్రైలర్ రోడ్డు దిగి, గోతిలోకి ఒరిగి, పక్కకి విచ్చుకుపోయింది. నా గిన్నెలు, దుప్పట్లు ఇసుకలో పడ్డాయి.

హాలిస్ రోడ్డు పక్కన కూలబడ్డాడు. "బాగానే చూసుకున్నాను కదే... బాగానే చూసుకున్నాను కదా" అంటూనే ఉన్నాడు. నాకు ఆయన మీద జాలేసింది. కొట్టాలనీ అనిపించింది.

పాడైన బండ్లని లాక్కుపోయే బండివాడొచ్చి ట్రైలర్ కిందకి తొంగి చూశాడు. "చట్రం విరిగిందమ్మా. తుక్కు దుకాణానికి తప్ప ఇంకెక్కడికీ లాగలేను."

అప్పుడే డార్లా ఫోను చేసింది.

"అక్కా, పెరడు చదును చేయించేశాం. ప్లంబర్ ఇక్కడే ఉన్నాడు. నీళ్ళ పైపు ట్రైలర్‌కి ఏ వైపు పెట్టమంటావు?"

నేను ఇసుకలో పడ్డ గిన్నెల వైపు చూశాను.

"ఏంటక్కా, వినబడుతోందా? అతను వెళ్ళిపోతాడు, తొందరగా చెప్పు."

"వెళ్ళిపొమ్మను డార్లా" అన్నాను.

"అదేంటి, మీరు రావట్లేదా?"

"మేమైతే ఇద్దరం ఉన్నాం. ట్రైలరే లేదు" అన్నాను.