రెండు గంటల పని

దుప్పటి పిండాలంటే రెండు చేతులు కావాలి. ఆ రోజు కోడలికి ఉన్నది ఒక్క చెయ్యే. ముందురోజు స్నానాలగదిలో నీళ్ళ బకెట్టుతో సహా జారిపడింది. కుడి మణికట్టు విరిగి మోచేతిదాకా కట్టు పడింది. అయినా తడి దుప్పటి కంటపడితే ఊరుకునే మనిషి కాదు. ఒక కొస పంపుకు చుట్టి, రెండో కొస ఎడమచేత్తో మెలిపెడుతోంది.

"వదిలెయ్యవే అమ్మాయ్, ఆ దుప్పటి ఎక్కడికీ పారిపోదు" అని లోపల మంచం మీదనుంచి అత్తగారు కేకేసింది.

అత్తగారికి నడుము కింద చచ్చుబడి ఆరేళ్ళు. అంతకుముందు కోడలు కుట్టు దుకాణంలో బట్టలు కత్తిరించేది. సుద్దముక్కతో ఆమె గీత గీస్తే స్కేలు సిగ్గుపడాల్సిందే. అత్తగారు మంచాన పడ్డ వారానికే పని మానేసింది. మానమని ఎవరూ అనలేదు, అదీ విచిత్రం. "నువ్వున్నావుగా" అన్నాడు భర్త. ఆ ఒక్క మాటతోనే కత్తెర పెట్టెలోకి వెళ్ళిపోయింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అతను చెడ్డవాడేం కాదు. చెయ్యి విరిగిందనగానే, రోగుల్ని ఇంటికొచ్చి చూసుకునే మనుషుల్ని పంపే ఆఫీసుకు తనే వెళ్ళాడు. అక్కడి కాగితంలో 'రోజుకు ఎన్ని గంటల సాయం కావాలి?' అని ఉంటే, నదురూ బెదురూ లేకుండా 'రెండు' అని రాసొచ్చాడు. ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలి చీకటిపడ్డాక వచ్చే మనిషి కంటికి ఆనింది ఆ పొద్దుటి స్నానం, ఫలహారమే మరి. అతను తెచ్చిన నకలు కోడలు చూసి, మడిచి అతని చేతికే ఇచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి ఆయమ్మ వచ్చింది. పెద్దావిడకు ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి వీపంతా పరీక్షగా చూసింది. "ఆరేళ్ళు మంచంలో ఉన్న మనిషికి ఒక్క పుండు లేదు! ఎవరమ్మా చూసుకుంది?" అంది.

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "అదృష్టవంతురాలివి వదినా, ఇంటిపట్టున ఉంటావు" అనేది ఆడపడుచు. "మంచం పక్కన కూర్చోవడమేగా" అనేవాడు భర్త. రెండు గంటలకోసారి పక్క తిప్పడం, మోకాళ్ళ మధ్య దిండు సర్దడం, వీపు కింద మడత పడకుండా దుప్పటి లాగడం, చెల్లెలు కాన్పుకు రమ్మని ఏడుస్తున్నా ఫోను చెవిన పెట్టుకుని ముద్దలు కలపడం - ఇవన్నీ ఎవరికి కనిపించాయి? పుండు లేకపోవడం ఎవరికి కనిపిస్తుంది? కనిపెట్టిన మనిషి ఇదిగో, ముక్కూమొహం తెలియని ఆయమ్మ. ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనిపించింది. బదులుగా ఆయమ్మే కోడల్ని కూర్చోబెట్టి, చిక్కులు తీసి జడ వేసింది. ఇంకొకరి వేళ్ళు తలలో తిరుగుతుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

పదింటికి ఆయమ్మ సంచి తగిలించుకుంది. సెలవుపెట్టి ఇంట్లో ఉన్న భర్త కంగారుపడ్డాడు.

"అదేంటమ్మా, వెళ్ళిపోతున్నావు?"

"రెండు గంటలే రాశారు సార్."

మధ్యాహ్నందాకా నాలుగుసార్లు అమ్మను తిప్పాడు, రెండుసార్లు బట్టలు మార్చాడు, ఒకసారి పెరట్లోకెళ్ళి వాంతి చేసుకున్నాడు. మూడింటికి ఆయమ్మను పంపిన ఆఫీసుకు ఫోను చేసి, రోజూ సాయంత్రం ఆరుదాకా మనిషి కావాలన్నాడు. రేటు వినగానే మంచం అంచున కూలబడ్డాడు.

"నా జీతంలో సగమా! అంత డబ్బు తీసుకుని ఏం చేస్తుందట?"

"నీ పెళ్ళాం చేసిందేరా" అంది అత్తగారు. "ఆరేళ్ళనుంచి నేను చూస్తున్నా. పడుకున్నదాన్ని, నాకింకేం పని? నా పింఛను మొత్తం ఇస్తా, తక్కువైంది నువ్వెయ్యి."

కోడలు అత్తగారివైపు చూసింది. పెద్దావిడ గోడవైపు తిరగలేదు, ఆమెకా శక్తి లేదు. కళ్ళు మాత్రం తిప్పుకుంది.

ఆరు వారాలకు కట్టు విప్పారు. పెరట్లో ఆయమ్మ ఒక కొస, కోడలు ఒక కొస పట్టుకుని దుప్పటి పిండుతుంటే భర్త వచ్చాడు.

"హమ్మయ్య, చెయ్యి బాగైపోయింది! ఒకటో తారీకునుంచి ఆయమ్మను రావద్దందామా?"

"ఆయమ్మ వస్తుందండీ" అంది కోడలు, మెలి వదలకుండా. "నేనే ఉండను. కుట్టు దుకాణంలో మాట్లాడొచ్చా. పెళ్ళిళ్ళ బట్టల పనట, పొద్దున్నే ఆరింటికి వెళ్ళాలి."

"ఆయమ్మొచ్చేది ఎనిమిదింటికి కదా! మరి అందాకా అమ్మ సంగతి?"

"మీరున్నారుగా. రెండు గంటల పనే."

దుప్పట్లోంచి ఆఖరి నీళ్ళు బొటబొటా కారాయి. లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నీళ్ళు మరీ మరగబెట్టకురా నాయనా, గోరువెచ్చగా చాలు!"